టికెట్లు బుక్ చేశాక ఒళ్ళు మొరాయిస్తే

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి సగం ఒకే బాపతు. అమెరికా ప్రయాణం, శబరిమల, కూతురి పెళ్ళి, థాయ్‌లాండ్, కాశీ... ఏళ్ళ తరబడి అనుకుని అనుకుని తీరా తేదీ దగ్గర పడేసరికి ఆసుపత్రిలో తేలినవాళ్ళు. అందరూ మన మద్రాసు తెలుగువాళ్ళే (చెన్నై అని రాయమంటారు ఎడిటర్ గారు, నోటికి రాదు). సరే షుగర్ ప్రశ్నలూ జుట్టు ప్రశ్నలూ వచ్చే నెలకి తోసేసి ఇవే తీసుకున్నా. ఒక్క మాట మాత్రం ముందే అనేస్తా, ఈ ఉత్తరాల్లో మూడింట్లో ఒకటే కథ, ప్రయాణం ఎక్కడ ఆగిపోతుందోనని నొప్పి ఇంట్లో చెప్పరు, తిడతారేమోనని ప్రయాణం సంగతి డాక్టర్ కి చెప్పరు. ఈ రెండు దాపరికాల మధ్యే సగం కేసులు ముదిరిపోతున్నాయి.

ప్రశ్న: డాక్టర్ గారూ, మా అమ్మకి 61. నాన్న పోయాక నెల్లూరు నుంచి వచ్చేసి విల్లివాక్కంలో మా దగ్గరే ఉంటోంది. మా అక్క డల్లాస్ లో ఉంటుంది, పెళ్ళైన ఎనిమిదేళ్ళకి కడుపు పండింది, అమ్మ వీసా, టికెట్, బాలింత కాయం, కారప్పొడులు అన్నీ రెడీ. పోయిన వారం కుడి కంటికి అడ్డంగా నల్ల తెర దిగినట్టుందని అప్పుడు చెప్పింది. రెటీనా (కంటి వెనక పొర) ఊడిందన్నారు, మర్నాడే ఆపరేషన్ చేసి కంట్లో గ్యాస్ పెట్టారు. రెండు నెలల దాకా ఫ్లైట్ ఎక్కకూడదట. డెలివరీ ఇంకో మూడు వారాల్లో. అమ్మ ఒకటే ఏడుపు. ఎవరి దగ్గరైనా లెటర్ రాయించుకుంటే ఎయిర్‌లైన్స్ వాళ్ళు ఒప్పుకోరా? పోనీ మొక్కుంది కనీసం తిరుమలకైనా తీసుకెళ్ళు అంటోంది, కారులో వెళ్ళొచ్చు కదా?
- ఒక పాఠకురాలు, విల్లివాక్కం

జవాబు: లెటర్ రాసే డాక్టర్ దొరకొచ్చు తల్లీ, కానీ కంట్లో గ్యాస్ కి లెటర్ చదవడం రాదు. ఎందుకు వద్దంటున్నారో అమ్మకి అర్థమయ్యేలా చెప్పండి, సగం ఏడుపు అక్కడే తగ్గుతుంది. విమానం ఎంత పైన ఎగిరినా లోపల గాలి ఒత్తిడి 6,000 నుంచి 8,000 అడుగుల కొండ మీద ఉన్నంతే ఉంచుతారు, నేల మీద ఉన్నంత ఉండదు. ఒత్తిడి తగ్గితే గ్యాస్ ఉబ్బుతుంది, 8,000 అడుగుల లెక్కకి మూడో వంతు దాకా పెరుగుతుంది. కన్ను బెలూన్ కాదు కదా సాగడానికి, లోపల ప్రెషర్ ఒక్కసారిగా పెరిగి రెటీనాకి రక్తం అందదు, సముద్రం మధ్యలో ఆకాశంలో ఉండగా భరించలేని నొప్పి, ఆ కన్ను పూర్తిగా పోయినా పోవచ్చు. కాపాడిన కన్నుని మళ్ళీ చేజేతులా పోగొట్టుకున్నట్టు.

ఏ గ్యాస్ పెట్టారో డిశ్చార్జి కాగితంలో ఉంటుంది చూడండి. ఎస్ఎఫ్6 అయితే రెండు వారాలకి అటూ ఇటూగా కరిగిపోతుంది, సి3ఎఫ్8 అయితే ఆరు నుంచి ఎనిమిది వారాలు, రెండు నెలలన్నారంటే ఇదే అయ్యుంటుంది. కరుగుతోందా లేదా అని అమ్మకే తెలుస్తుంది. మేస్త్రీల దగ్గర రసమట్టం ఉంటుంది చూశారా, అచ్చం అలాగే కంట్లో ఒక గీత కనపడుతుంది, తల ఊపితే ఊగుతుంది, రోజురోజుకీ ఆ గీత కిందికి దిగుతూ పైన వెలుతురు కనిపిస్తూ వస్తుంది, చివర్లో కింద ఒక చిన్న గుండ్రటి బుడగ మిగిలి అదీ పోతుంది. అమ్మ చేత రోజూ అడిగి రాయించండి, ఆవిడకీ ఒక పని. అయితే పోయింది అని ఆవిడ అన్నంత మాత్రాన టికెట్ తీసుకోకండి, సర్జన్ చూసి సరే అనాలి.

ఇక తిరుమల. ఇది ఎవరూ అడగరు, అడక్కుండా వెళ్ళిపోతారు, మీరు అడిగారు సంతోషం. వద్దు. ఆపరేషన్ అయ్యింది మద్రాసులో, సముద్ర మట్టానికి. కొండ దాదాపు 3,000 అడుగుల ఎత్తు. విమానమంత కాకపోయినా ఘాట్ రోడ్డులో గంటలోపు అంత ఎత్తు ఎక్కితే గ్యాస్ కొంత ఉబ్బుతుంది, కళ్ళు పీకడం, తలనొప్పి, వాంతి, ప్రెషర్ అన్నీ రావచ్చు. బెంగుళూరు కూడా ఇంచుమించు అంతే ఎత్తు, అక్కడ మీకెవరైనా ఉంటే వాళ్ళింటికీ ఇప్పుడు పంపొద్దు. నెల్లూరు వెళ్ళొచ్చు, నేల చదునే, డాక్టర్ ని అడిగే వెళ్ళండి. వెంకన్న ఎక్కడికీ పోడు, టి.నగర్ లో వెంకటనారాయణ రోడ్డు గుడి ఉందిగా, ముడుపు కట్టి అక్కడ దణ్ణం పెట్టించండి.

చేతికి ఒక పట్టీ కట్టి ఉంటారు, కంట్లో గ్యాస్ ఉందని రాసి. స్నానానికి అడ్డమని తీసెయ్యొద్దు. ఈ రెండు నెలల్లో వేరే దేనికైనా మత్తు ఇవ్వాల్సొస్తే నైట్రస్ ఆక్సైడ్ ఇవ్వకూడదు, అది కూడా ఆ బుడగని ఉబ్బిస్తుంది, ఆ పట్టీ ఉండేది అందుకు. బోర్లా పడుకోమన్నారు అంటే బోర్లానే, టీవీ కోసం గంటకోసారి లేవడం కాదు.

అసలు సంగతి ఇంకోటుంది, ఈ పేజీ అమ్మకి కనపడకుండా దాచేసి చదవండి. తెర దిగడానికి ముందు ఆవిడకి బహుశా నల్ల చుక్కలు, దోమలు ఎగిరినట్టు, చీకట్లో పక్కనుంచి మెరుపులు కనపడి ఉంటాయి, ప్రయాణం ఆపేస్తారని చెప్పి ఉండరు. ఆ దశలో రెటీనాకి చిన్న చిరుగు మాత్రమే ఉంటే కుర్చీలో కూచోబెట్టి లేజర్ కొట్టి పంపేస్తారు, ఆపరేషన్ లేదు, గ్యాస్ లేదు. మద్రాసులో కంటి డాక్టర్లకి కరువా? ఎగ్మూరు సర్కారు కంటాసుపత్రి 1819 నుంచి ఉంది, నుంగంబాక్కం శంకర నేత్రాలయ 1978 నుంచి, మన నెల్లూరు, తిరుపతి వాళ్ళు రాత్రి రైలెక్కి పొద్దున్నే వచ్చి లైన్లో కూచుంటారు, ఊళ్ళోనే ఉన్నావిడ చెప్పకుండా కూచుంది. ఇప్పుడావిడ్ని ఏమీ అనకండి. కానీ రెండో కన్ను కూడా చూపించండి, మీరూ మీ అక్కా మైనస్ పవర్ బాగా ఉన్నవాళ్ళైతే మీరూ చూపించుకోండి.

టికెట్ కేన్సిల్ చెయ్యకుండా ముందు డేట్ మార్చమని అడగండి, ఆపరేషన్ తేదీ, ఎప్పటిదాకా ఎగరకూడదో ఆ తేదీ రెండూ ఉన్న సర్జన్ లెటర్ పెట్టండి, చాలాచోట్ల వింటారు. మీ అక్కకి కూడా చెప్పండి, పురిటికి కాకపోతే రెండో నెలకి వస్తుంది అమ్మ, నిజం చెప్పాలంటే ఆసుపత్రిలో నర్సులుంటారు, నిద్రల్లేక అల్లాడేది తర్వాతే, అప్పుడే మనిషి కావాలి. కాయం పొడి మాత్రం ఎవరైనా వెళ్ళేవాళ్ళుంటే ముందు పంపెయ్యండి, అది ఆగదు.

ప్రశ్న: సార్ స్వామి శరణం. వయసు 38, అంబత్తూరులో లేత్ వర్క్ షాప్. పదేళ్ళ నుంచి అనుకుంటే ఈసారి మాల వేశాను, కన్నె స్వామిని. 23వ రోజు కడుపునొప్పి, చన్నీళ్ళ స్నానం, ఒంటిపూట భోజనం వల్ల గ్యాస్ అనుకుని నొప్పి మాత్రలు మింగుతూ రెండ్రోజులు పడి పూజలకి తిరిగా. ఆఖరికి అపెండిక్స్ అన్నారు, లాప్రోస్కోపీ చేశారు. ఆపరేషన్ థియేటర్ లో మాల తీయించేశారు. దీక్ష పోయినట్టేనా? మకర జ్యోతికి టైముంది, ఎక్కొచ్చా?

జవాబు: స్వామి శరణం. మాల సంగతి గురుస్వామిని అడగండి, అది నా శాఖ కాదు. కానీ ప్రాణం మీదికొచ్చినప్పుడు తీయించిన మాలకి తప్పు పట్టిన గురుస్వామిని నేనైతే చూళ్ళేదు. థియేటర్ లో కరెంటుతో కోసే పరికరం వాడతారు, ఒంటి మీద లోహం ఉండకూడదు, మీ మాలకి డాలరూ తీగా ఉంటాయి కదా, అందుకే తీయించారు, ఇంకేం లేదు.

కొండ మాట నా శాఖే. పంపా నుంచి సన్నిధానం సుమారు 5 కిలోమీటర్లు, నీలిమల, అప్పాచిమేడు నిట్టనిలువు, అందుకే దారి పొడుగునా వైద్య కేంద్రాలు, ఆక్సిజన్ పెట్టారు. అపెండిక్స్ పగలకుండా తీసుంటే మామూలు నడక, మెట్లు రెండు మూడు వారాల్లో వచ్చేస్తాయి. పగిలి చీము పట్టుంటే లెక్క వేరు, నెల పైమాటే. మీరు రెండ్రోజులు నొప్పి మాత్రలు మింగారు కాబట్టి డిశ్చార్జి సమ్మరీ తీసి చూడండి, అందులో పగిలింది అని ఉందా లేదా. ఇంకోటి తల మీద ఇరుముడి, అది మోస్తూ ఎక్కేటప్పుడు పొట్ట కండరాలు బిగుస్తాయి, కుట్ల దగ్గర హెర్నియా రావచ్చు. జ్యోతి రోజు తొక్కిసలాట ఎలా ఉంటుందో మీకు నేను చెప్పాలా, పక్కవాడి మోచెయ్యి ఎక్కడ తగులుతుందో అయ్యప్పకే తెలియాలి.

నన్నడిగితే ఈ మకర జ్యోతి వద్దు. ప్రతి మలయాళ నెలా మొదటి ఐదు రోజులు గుడి తెరుస్తారు, జనం తక్కువ, వర్చువల్ క్యూ బుక్ చేసుకుని మళ్ళీ మాల వేసుకుని అప్పుడు వెళ్ళండి, అయ్యప్ప గుడి సీజన్ లోనే ఉంటుందని ఎవరన్నారు? మీ బృందంలో మిగతా స్వాములకి ఒక మాట చేరెయ్యండి, బొడ్డు చుట్టూ మొదలై కుడివైపు కిందికి జారిన నొప్పి, దగ్గితే అక్కడే కలుక్కుమనడం, అన్నం సయించకపోవడం, ఇది గ్యాస్ కాదు. నొప్పి మాత్ర వేస్తే నొప్పి అణుగుతుంది, అపెండిక్స్ అణగదు.

ప్రశ్న: మా చెల్లి పెళ్ళి ఇంకా పన్నెండు రోజుల్లో. నాన్నకి 58, మండపం వాళ్ళతో మాట్లాడుతూ చెమటలు పట్టి కూలబడ్డారు, హార్ట్ ఎటాక్, వెంటనే స్టెంట్ వేశారు, నాలుగో రోజు ఇంటికొచ్చారు. ఇప్పుడు పెళ్ళి వాయిదా వెయ్యాలా? పెళ్ళికొడుకు తరఫు ఒక పెద్దావిడ పిల్ల అడుగు మంచిది కాదేమో అందట. చెల్లి అన్నం తినట్లేదు.
- పెరంబూరు

జవాబు: ముందు ఆ పెద్దావిడ సంగతి. మీ నాన్న గుండె రక్తనాళంలో కొవ్వు పేరుకోవడం మొదలై ఇరవై ఏళ్ళై ఉంటుంది, అప్పటికి మీ చెల్లి ఫ్రాకులేసుకు తిరుగుతోంది, పెళ్ళికొడుకు ఎవరో కూడా తెలీదు. ఈ ముక్క కత్తిరించి ఆవిడకి పంపండి, నా పేరు చెప్పండి పర్వాలేదు. పిల్ల చేత అన్నం తినిపించండి.

వాయిదా అనేది మీ కార్డియాలజిస్ట్ ఎకో చూసి చెప్పాలి, గుండె పంపింగ్ బావుంటే, మళ్ళీ నొప్పి లేకపోతే, చాలామంది రెండు వారాలకి కుర్చీలో కూచుని కన్యాదానం చేసేస్తారు. పెళ్ళి ఆపక్కర్లేదు, నాన్నని ఆపండి. అంటే మండపం బయానా, వంటవాళ్ళు, బస్సులు, ఫలానా బాబాయి అలిగాడు, ఇవేవీ ఆయన చెవిన పడకూడదు, ఫోన్ మీరు తీసుకోండి. ముహూర్తం అర్ధరాత్రి అయితే సాయంత్రం నుంచి పడుకోబెట్టి గంట ముందు లేపండి. ఉపవాసం లేదు, పురోహితుడికి ముందే చెప్పెయ్యండి, టిఫిన్ తిని మాత్రలేసుకునే పీటల మీద కూచోవాలి. హోమం పొగ తగలకుండా ఫ్యాన్ పక్కకి కూచోబెట్టండి, మండపం మెట్లు ఎక్కువైతే లిఫ్ట్ ఉందేమో ఇవాళే చూసుకోండి.

రక్తం పలచబడే మాత్రలు రెండు రాసి ఉంటారు, ఆస్పిరిన్ ఒకటి, క్లోపిడోగ్రెల్ గానీ టికాగ్రెలార్ గానీ ఇంకోటి. ఒక్క పూట మానినా స్టెంట్ లో గడ్డ కట్టే ప్రమాదం ఉంది, ఈ మొదటి నెల మరీను. పెళ్ళి హడావిడిలో మాత్రల డబ్బా ఏ పెట్టెలో పెట్టారో తెలీక మధ్యాహ్నం దాకా వెతికిన ఇళ్ళున్నాయి. రెండు సెట్లు కొని ఒకటి మీ జేబులోనే ఉంచుకోండి. మళ్ళీ ఛాతీలో పట్టేసినట్టుంటే సోడా, ఈనో అని వంటవాడి సలహా వినకుండా 108 కి కొట్టండి. నొప్పి మొదలైన 12 గంటల్లోపు గడ్డ తీస్తే గుండె కండరం దక్కుతుంది, అందులోనూ మొదటి గంటా రెండు గంటలకి ఉన్న విలువ తర్వాత గంటలకి ఉండదు. మొదటిసారి వెంటనే తీసుకెళ్ళింది ఎవరో రాయలేదు మీరు, వాళ్ళకి పెళ్ళిలో మంచి పంచె పెట్టండి.

ప్రశ్న: హాయ్ డాక్టర్, 26 ఏళ్ళు, షోలింగనల్లూరులో సాఫ్ట్‌వేర్. ఫస్ట్ ఫారిన్ ట్రిప్, నలుగురు ఫ్రెండ్స్, థాయ్‌లాండ్. నాలుగు రోజులు జ్వరం, డెంగ్యూ పాజిటివ్, ఇవాళ పొద్దున్నుంచి జ్వరం లేదు, ఎల్లుండి ఫ్లైట్. ఇంట్లో కూడా చెప్పలేదు. తగ్గింది కాబట్టి వెళ్ళొచ్చు కదా? ప్లేట్‌లెట్స్ 90 వేలు. బొప్పాయి ఆకు రసం తాగుతున్నా.

జవాబు: ఈ ప్రశ్న పత్రికలో వచ్చేదాకా ఆగేది కాదు కాబట్టి బాబుకి ఆరోజే ఫోన్లో జవాబు చెప్పేశాం, మిగతావాళ్ళ కోసం వేస్తున్నా. డెంగ్యూలో మోసం ఇక్కడే ఉంది, జ్వరం దిగగానే తగ్గింది అనుకుంటారు, అసలు ప్రమాదం అప్పుడే మొదలవుతుంది. జ్వరం మొదలైన మూడో రోజు నుంచి ఏడో రోజు లోపు, జ్వరం తగ్గే ఆ ఒకటి రెండు రోజుల్లోనే, రక్తనాళాల్లోంచి నీరు బయటికి కారిపోయి బీపీ పడిపోతుంది. నీ ఎల్లుండి అంటే ఆరో రోజో ఏడో రోజో, సరిగ్గా ఆ గండంలో నువ్వు ఆకాశంలో ఉంటావు.

అందరూ ప్లేట్‌లెట్ల నంబరే చూస్తారు, హెమటోక్రిట్ అని, రక్తం ఎంత చిక్కబడిందో చెప్పే ఇంకో నంబరుంటుంది, అది పెరుగుతోందా అనేది డాక్టర్లు చూసేది. కడుపులో విడవని నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ నుంచి రక్తం, మత్తుగా ఉండటం, ఒంటికి రాకపోవడం, ఇందులో ఏ ఒక్కటున్నా అడ్మిట్ అవ్వాలి. జ్వరానికి పారాసెటమాల్ తప్ప బ్రూఫెన్, డైక్లోఫెనాక్ జోలికి పోవద్దు, అవి రక్తస్రావం పెంచుతాయి. బొప్పాయి ఆకు రసం తాగి వాంతులు చేసుకుంటే అది డెంగ్యూ వాంతో ఆకు వాంతో మాకూ తెలీదు, ఆపెయ్. ఓఆర్‌ఎస్ తాగు. ముందు అమ్మకి ఫోన్ చెయ్యి. మిగతా ముగ్గురూ వెళ్ళి ఫోటోలు పెడతారు, మండుద్ది, తప్పదు.

ప్రశ్న: నమస్కారమండి. మాది ఆవడి. ఆరుగురం కాశీకి గంగాకావేరి ఎక్స్‌ప్రెస్ కి టికెట్లు చేయించాం, ఆంధ్రాశ్రమంలో దిగి తొమ్మిది రాత్రులు ఉందామని. అసలు ఇది మా మామగారి కోరిక, 74 ఏళ్ళు. బాత్‌రూములో జారి తుంటి విరిగింది. ఆపరేషన్ చెయ్యాలట. ఆయన మీరందరూ వెళ్ళి నా పేరున గంగలో మునగండి అంటున్నారు. వెళ్ళొచ్చా? ఆయన టికెట్ మీద ఇంకొకర్ని తీసుకెళ్ళొచ్చా?

జవాబు: అమ్మా, ఆయన మంచితనం కొద్దీ అంటారు, అందరూ మాత్రం వెళ్ళకండి. తుంటి విరిగితే వీలైనంతవరకు 48 గంటల్లోపు ఆపరేషన్ చేసెయ్యాలి, కాశీ వెళ్ళొచ్చాక చేయిద్దాం అనేది కుదరని పని, మంచంలో పడుకోబెట్టిన కొద్దీ న్యుమోనియా, కాళ్ళల్లో గడ్డలు, పుండ్లు. ఆపరేషన్ మర్నాడే లేపి వాకర్ పట్టించి నిలబెడతారు, అప్పుడు ఆయన అమ్మో అంటారు, పక్కన ఇంట్లో మనిషి లేకపోతే లేవరు. ఆ మొదటి రెండు వారాలే కీలకం. కొడుకు గానీ మీరు గానీ ఒకరు తప్పనిసరి, ఇద్దరుంటే మేలు. మిగతావాళ్ళు వెళ్తే తప్పేం లేదు, కావిట్లో గంగనీళ్ళు తెచ్చిపెడితే ఆయనకీ తృప్తి. కానీ ఆపరేషన్ అయ్యి ఆయన నిలబడ్డాక బయల్దేరండి.

టికెట్ సంగతి, కన్ఫర్మ్ టికెట్ ని అమ్మ, నాన్న, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, కొడుకు, కూతురు, భార్య లేదా భర్త పేరుకి మార్పించుకోవచ్చు. బండి బయల్దేరడానికి 24 గంటల ముందు రిజర్వేషన్ ఆఫీసులో చీఫ్ రిజర్వేషన్ సూపర్‌వైజర్ కి అర్జీ ఇవ్వాలి, టికెట్ ప్రింటు, ఇద్దరి గుర్తింపు కార్డులు, చుట్టరికం చూపించే కాగితం పట్టుకెళ్ళండి. ఒక్కసారే మారుస్తారు. అంటే మామగారి తమ్ముడు వెళ్ళొచ్చు, తమ్ముడి కొడుకు వెళ్ళడానికి లేదు.

ఆయన కాశీ పోయిందని మాత్రం అనకండి. బాగా కోలుకుంటే మూడు నాలుగు నెలలకి కర్ర పట్టుకుని నడుస్తారు. ఆపరేషన్ కి ముందే సర్జన్ తో ఈయన కాశీ వెళ్ళాలి అని చెప్పండి, ఫిజియోథెరపీ వాళ్ళకీ చెప్పండి, మెట్లు ఎక్కించడం దిగించడం మీద ఎక్కువ శ్రద్ధ పెడతారు, ఎందుకంటే ఘాట్ల మెట్లు ఎత్తుగా, తడిగా ఉంటాయి, పట్టుకోడానికి చాలాచోట్ల ఏమీ ఉండదు. ఈలోగా ఇంట్లో బాత్‌రూములో గోడకి పట్టుకునే కడ్డీలు రెండు బిగించండి, ఆయన డిశ్చార్జి అయ్యి వచ్చేలోపే.